ఇంటి ముచ్చటలు: బియ్యపు డబ్బాలో విషపు బిళ్ల వలదు



తార్నాకలో మా వీధి యిల్లాలొకతె మొన్న తన బియ్యపు డబ్బా తెచ్చి నాకు జూపినది. గింజలు సన్నని దారపు గూటితో ముద్దలు గట్టియున్నవి. మూత తీయగనే బూడిదవన్నె రెక్కపురుగులు రెండు మూడెగిరినవి. "బిళ్ల యొకటి గుడ్డలో గట్టి లోన బెట్టిన నన్నియు జచ్చునని యంగడివాడు చెప్పినాడు. పెట్టుదునా, వదినగారూ?" అని యామె యడిగినది. వలదంటిని. కారణము మీరును వినవలసినది.

ఆ రెక్కపురుగును శాస్త్రజ్ఞులు కార్సైరా సెఫలోనికా యందురు. అది బియ్యము తినదు. కొలదిదినములు బ్రదికి, గింజలపైనను సంచి మడతలలోను నూటికి పైగా గ్రుడ్లు పెట్టి చచ్చును. గ్రుడ్డు అర మిల్లీమీటరు మాత్రమే. వేసవిలో 4, 5 దినములకే పిల్లపురుగు వెలువడును. తినుటయు గూడల్లుటయు దాని పనియే. కావున మనకు అసలు శత్రువు కంటి కానని గ్రుడ్డు.

ఆ బిళ్ల అల్యూమినియం ఫాస్ఫైడు. గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువును విడుచును. 3 గ్రాముల బిళ్ల నుండి 1 గ్రాము వాయువు పుట్టును. అది ప్రాణుల శ్వాసక్రియను చెరచి చంపును. గ్రుడ్డు శ్వాస మిక్కిలి మందము గాన, పురుగు చచ్చిన మోతాదునకు గ్రుడ్డు మిగులవచ్చును. అందుచేతనే గోదాములలో గాలి చొరని దుప్పటములు గప్పి, దినముల తరబడి యుంచి, వాయువును కొలిచి గాని తెరువరు. మన డబ్బా మూత అంత బిగువైనదా? గ్రుడ్డు డబ్బాలో మిగులును. వాయువు పడకగదికి బోవును. అచ్చట నిద్రించు పసిబిడ్డ నిమిషనిమిషమును ఊపిరి పీల్చుచుండును గదా!

ఈ విషమునకు తగిన విరుగుడు లేదు. శిక్షణ పొంది యనుమతిగలవారు దక్క నితరులీ బిళ్లలను వాడరాదని నియమము. పూర్వము ధాన్యమున కుపయోగించిన ఇ.డి.బి. అను మందును సైతము మన దేశమున 2001లో నిషేధించిరి.

మా తార్నాక కొక ప్రక్క 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయపు ప్రాంగణము. వేరొక ప్రక్క 1944లో మొదలై నేడు ఐ.ఐ.సి.టి. యనబడు రసాయన పరిశోధనాలయము. ప్రయోగశాలలో ఆవిరిని పరీక్షించువారు బిగించిన పాత్రలో, కొలత చొప్పున పరీక్షింతురు. వారి యిరుగుపొరుగున నున్నంతమాత్రమున మన వంటయిల్లు ప్రయోగశాల కాదు.

మరి చేయదగిన దేమి? గూడు గట్టిన బియ్యమును పారవేయుడు. డబ్బాను వేడినీట గడిగి, ఎండబెట్టి, అలమర మూలలు తుడువుడు. రవ్వను తేగానే దోరగా వేయించి చల్లార్చి పోయుడు; ఆ వేడికి గ్రుడ్లు నశించును. పిండిని ఫ్రీజరులో 4 దినము లుంచుడు. పాత సరకుపై క్రొత్తది పోయకుడు. వేపాకు పురుగును కొంత తొలగించునే గాని గ్రుడ్డును జంపునని నమ్మరాదు.

ఎవరైన నిదివరకే బిళ్ల వేసియున్నచో, డబ్బాను కదపకుడు, నీరు పోయకుడు. నీటితో వాయువు హెచ్చును. పిల్లలతో వెంటనే బయటకు రండు. వాంతియో ఆయాసమో కలిగిన ఆసుపత్రికి బోయి బిళ్ల పేరు చెప్పుడు.

మా పొరుగామె బిళ్లను కొనలేదు. శేరు బియ్యము పోయినవని మాత్రము చింతించినది. పోనిండు, బియ్యము మరల కొనవచ్చును.