ఒడ్డున ఉన్నవాళ్లకే నేర్పాలి

గన్నవరం పక్కన కొండపావులూరులో జాతీయ విపత్తు స్పందన దళం పదో బెటాలియన్ ఉంది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణాన్నీ 2025 జనవరిలో కేంద్ర హోంమంత్రి అమిత్ షా అక్కడే ప్రారంభించారు. కొట్టుకుపోతున్నవాణ్ని ఎలా పట్టుకోవాలో, ఊపిరి ఆగినవాడికి ఎలా పోయాలో బాగా తెలిసినవాళ్లు మన ఇంటి పక్కనే ఉన్నారు. ఆ విద్య నందిగామ, జగ్గయ్యపేట మెట్ట పల్లెల్లోకి నడిచి రావాలి. ఆపద వచ్చాక బోట్లతో రావడం కాదు, ముందే గురువులుగా రావాలి.

ఎందుకంటే ఆపద రోజున దారే ఉండదు. మున్నేరు పొంగితే ఐతవరం దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మునుగుతుంది. 2023 జులైలో మునిగింది. 2024 సెప్టెంబరు మొదట్లో మళ్లీ మునిగింది. ఆ రెండోసారి గరికపాడు దగ్గర పాలేరు వంతెన కూడా దెబ్బతింది. ఇటు విజయవాడ నుంచి, అటు కోదాడ నుంచి ఏ సాయమూ రాలేని స్థితి. అప్పుడే ఎగువన ఖమ్మం ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. హెలికాప్టర్ రాలేకపోయింది. చివరికి ఓ జేసీబీ డ్రైవర్ వరదకు ఎదురెళ్లి వాళ్లను తెచ్చాడు. ఆ తెగువకు దండం పెట్టాల్సిందే. కానీ ఒక డ్రైవర్ తెగువ తప్ప వేరే దిక్కు లేకపోవడం ఏలినవారికి సిగ్గుచేటు.

2022 సంక్రాంతి ముందు చందర్లపాడు మండలం ఏటూరులో మున్నేటికి ఈతకు వెళ్లిన ఐదుగురు పిల్లలు మునిగి చనిపోయారు. ఇలాంటి చోటికి ఎంత గొప్ప దళం వచ్చినా దానికి మిగిలేది గాలింపే. ఊపిరి ఆగితే మెదడుకు ఉన్న గడువు నాలుగైదు నిమిషాలు. బయటికి లాగిన బిడ్డను బోర్లా వేసి పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. గడువంతా అందులోనే కరిగిపోతుంది. ముందు నోటితో ఊపిరి ఊది, ఆ వెంటనే రొమ్ము నొక్కుతూ పోవాలి. ఇది నేర్చుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు, చేతులకు అలవాటు కావాలి.

1983లో అమెరికాలో ముగ్గురు వైద్యులు కలిసి అడవుల్లో, కొండల్లో చేసే వైద్యానికి ఒక సంఘం పెట్టారు. ఆసుపత్రి అందనంత దూరాన, చేతిలో ఉన్నవాటితోనే ప్రాణం నిలిపే విద్య అది. దానికి హిమాలయాలే అక్కర్లేదు. ఐతవరంలో రోడ్డు మునిగిన రాత్రి పత్తిచేలో రక్తపింజర కాటేసిన కూలీకి నందిగామ కూడా హిమాలయమంత దూరమే. తాడుతో బిగించి కట్టకూడదు, గాటు పెట్టకూడదు, కరిచిన కాలు కదలకుండా బద్ద కట్టి మోసుకుపోవాలి. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గిస్తామని కేంద్రం 2024 మార్చిలో కార్యాచరణ ప్రకటించింది. మంచిదే. విరుగుడు మందు ఆసుపత్రిలో ఉంటుంది. అక్కడిదాకా మనిషిని ప్రాణాలతో చేర్చేవాళ్లు ఊళ్లో ఉండాలి. మే నెల ఎండకు ఉపాధి పనిలో కూలబడ్డవాడి విషయమూ అంతే. ఆటో వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి విసరాలి.

ఎవరికి నేర్పాలన్నది మా దృష్టిలో తేలిన విషయం. మున్నేటిలో సుడి ఎక్కడ తిరుగుతుందో, ఇసుక తోడిన గుంట ఎక్కడుందో అక్కడి జాలరికి తెలిసినంత ఏ పటానికీ తెలియదు. ఎవరు మునిగినా పోలీసులు కబురు పెట్టేది ఈ గజ ఈతగాళ్లకే. పని అయ్యాక వాళ్లు ఎవరికీ గుర్తుండరు. చదువు లేనివాళ్లకు వైద్యమేమిటని పెదవి విరిచేవాళ్లు ఉంటారు. నాలుగు నిమిషాల్లో డాక్టరు గారు నీళ్ల దగ్గరికి రాగలిగితే అప్పుడు మాట్లాడుకుందాం. దేశంలో 350 జిల్లాల్లో లక్ష మందికి 12 రోజుల శిక్షణ ఇవ్వడానికి ‘ఆపద మిత్ర’ పథకం పెట్టారు. అదే తరహాలో మున్నేరు, పాలేరు, వైరా, కృష్ణ ఒడ్డునున్న ప్రతి ఊరి నుంచీ మనుషుల్ని ఎంచి కొండపావులూరు బృందాల చేత తెలుగులో నేర్పించాలి. లైఫ్ జాకెట్, తాడు, బీమా, పిలిచిన ప్రతిసారీ కూలి ఇవ్వాలి. వాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు పంచాయతీ గోడ మీద రాయించాలి.

డబ్బు లేదనే మాట మేం ఒప్పుకోం. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ సిమెంటు కర్మాగారాలున్నాయి. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. కలెక్టరు ఆ యాజమాన్యాలను కూర్చోబెట్టి అడగాలి. సర్టిఫికెట్లు పంచి, ఫొటో దిగి వదిలేస్తే ఏడాది తిరిగేలోగా చేతులు మరిచిపోతాయి. అందుకే నందిగామ, జగ్గయ్యపేట ప్రభుత్వ వైద్యులు ఏడాదికి రెండుసార్లు వాళ్ల చేత చేయించి చూడాలి. తొలకరికి ముందు ఒకసారి, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకు ముందు ఇంకోసారి.