కనుమదారిని మొరాయించిన బండి



వంటయింటి సంగతులను, బిడ్డల యారోగ్యమును విడిచి యీ నెల బండిమాట యేల యని మీరడుగవచ్చును. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో పెక్కిండ్లకు చిన్న సరకుబండియే మాగాణి, అదియే పాడి. పలకలైనను, కందులైనను, మిరపకాయలైనను బండి కదలిననే యూరు దాటును. బండి యాగిన దినమున వాయిదా సొమ్ము మాత్రమాగదు. అది పురుషుల వ్యవహారమని మనము తొలగి కూర్చున్నను, దాని ఖర్చు మన పెట్టెలో నుండియే పోవును.

మా యింట 18 ఏండ్లనాటి డీజిలు పికప్పు బండి యొకటి గలదు. దానిని మా మరిది నడుపును. గడచిన వానకాలమున దానికొక వింత రోగము పట్టుకొన్నది. గిద్దలూరు విడిచి, దిగువమెట్ట దాటి, నంద్యాలకు పోవు నల్లమల కనుమదారిని ఎక్కునప్పటికి దాని సత్తువ సన్నగిల్లును. కొంతసేపు ఈడ్చుకొనిపోయి యాగిపోవును. అరగంట యూరకున్న పిమ్మట, ఏమియు నెరుగనట్లు మరల కదలును. ఒకనాడు ప్రొద్దు గ్రుంకు వేళ నిండు బరువుతో అడవి మలుపున నిలిచిపోయినది. అచట ఫోను పలుకదు. మరిది యిల్లు చేరునప్పటికి అర్ధరాత్రము దాటినది. అంతదనుక మా అత్తగారు గుమ్మము విడిచి లోనికి రాలేదు.

మరమ్మతు చేయువారు మొదట డీజిలు వడపోతను మార్చిరి. పిదప తొట్టి నుండి నూనెను లాగు చిన్న పంపును మార్చిరి. పట్టణములో నడిపి చూచినపుడు ఏ దోషమును కనబడదు. కనుమకు పోగానే మరల అదే కథ. తుదకు పెద్ద పంపును విప్పవలెననిరి. అది యన్నిటికంటె వ్యయమైన పని. మా మెడలోని గొలుసును తాకట్టు పెట్టుటకు నిశ్చయించితిమి.

ఇచట డీజిలు యంత్రము పనిచేయు తీరు కొంత తెలిసికొనవలయును. రుడాల్ఫ్ డీజిల్ అను జర్మను ఇంజనీరు 1897లో ఆగ్స్‌బర్గ్ నగరమున దీనిని జయప్రదముగా నడిపి చూపెను. పెట్రోలు యంత్రమునకు వలె దీనికి నిప్పురవ్వ యక్కరలేదు. లోనికి పీల్చిన గాలిని సుమారు ఇరువదవ వంతునకు నొక్కినచో అది 500 డిగ్రీలకు మించి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి చిమ్మిన డీజిలు తనంతట మండును. కావున దీనికి ముఖ్యముగా కావలసినవి రెండు: చాలినంత గాలి, ఎడతెగని నూనె.

ఏది కొరవడినదో పొగ చెప్పును. నల్లని పొగ దట్టముగా వచ్చినచో గాలి చాలలేదని సాధారణముగా తలపవలెను. పలకల గనుల దుమ్ములో తిరుగు బండ్లకు గాలి వడపోత త్వరగా పూడుకొనును. నీలిపొగ యంత్రపు నూనె మండుచున్నదనుటకు గుర్తు. తెల్లపొగ వచ్చినచో డీజిలు సరిగా మండుటలేదని గాని, లోనికి నీరు చేరినదని గాని అనుమానింపవలెను. పొగ యేమియు లేక, దీపము కొండెక్కినట్లు మెల్లగా ఆరిపోయినచో నూనె యందుట లేదన్నమాట. మా బండి ఆగిన తీరు ఇదియే.

మేము డీజిలు ఖర్చును దినదినము పద్దుపుస్తకమున వ్రాయుదుము. ఒకనాటి రాత్రి ఆ పుస్తకమును, బండి యాగిన దినములను ప్రక్క ప్రక్కన పెట్టి చూచితిమి. తొట్టి నిండుగా పోయించిన దినములలో బండి త్వరగా ఆగినది; సగమే యున్న దినములలో కనుమ దాటిన తరువాత గాని యాగలేదు. ఇది విడ్డూరముగా తోచినది. మరియొక సంగతి: ఒకనాడు నూనె యున్నదో లేదో యని మరిది మూత తీసి పుల్ల ముంచి చూచెనట. ఆనాడు అరగంట వేచియుండకయే బండి కదలినది.

నూనెడబ్బాకు ఒకే బెజ్జము పొడిచి వంచినచో ధార సరిగా రాదని మనకందరకు తెలియును. రెండవ బెజ్జము పొడిచిననే గాలి లోనికి పోయి నూనె వెలికి వచ్చును. బండి తొట్టియు నట్టిదే. నూనె తరిగినకొలది ఆ చోటికి గాలి రావలెను. రానిచో లోపల వెలితి యేర్పడి, పంపు ఎంత లాగినను నూనె రాదు. తొట్టి నిండుగా నున్నపుడు పైన గాలిచోటు తక్కువ గనుక ఆ వెలితి త్వరగా ముదురును. అరగంటలో సందులగుండ కొంచెము గాలి చొరబడును గనుక బండి మరల కదలును.

"ఈ సారి ఆగినప్పుడు వేచియుండక మూత విప్పి చూడుము" అని మరిదికి చెప్పితిమి. మరునాడు వచ్చి, "వదినగారూ, మూత విప్పగానే పాము బుసకొట్టినట్లు గాలి లోనికి పోయినది. వెంటనే బండి కదలినది" అనెను.

మూత తెప్పించి చూచితిమి. దాని లోపల మడిచిన ప్లాస్టిక్ కాగిత మొకటి అంటుకొని యున్నది. వానలు మొదలైనపుడు, మూత రబ్బరు అరిగి నీరు దిగుచున్నదని మరిది చెప్పగా, ఆ కాగితమును మడిచి యిచ్చినది మేమే! అది మూతలోని గాలిబెజ్జమును పూర్తిగా మూసివేసినది. సిగ్గుపడితిమి. క్రొత్త రబ్బరు వేయించితిమి. నాటి నుండి బండి కనుమలో ఆగలేదు. గొలుసు మెడలోనే యున్నది గాని, వృథాగా మార్చిన రెండు వస్తువుల సొమ్ము తిరిగి రాలేదు.

అందరి బండ్లకును ఇదే దోషమని మా యభిప్రాయము కాదు. మూత విప్పినను మార్పు లేనిచో వడపోతను, గాలి పీల్చుచున్న గొట్టపు చీలికను, చిన్న పంపును వరుసగా చూపింపవలెను. పెద్ద పంపును కడపట విప్పవలెను. ఏ వేళ, ఎంత బరువుతో, తొట్టిలో ఎంత నూనె యుండగా, ఏ రంగు పొగతో ఆగినదో వ్రాసి యుంచి మరమ్మతువానికి చెప్పుడు. మన పద్దుపుస్తకమే వానికి నాడి.

ఒక హెచ్చరిక. దారిలో యంత్రమాగినచో బ్రేకు బిగిసి బరువెక్కును. కావున వెంటనే బలముగా త్రొక్కి బండిని ప్రక్కకు నిలిపి, చక్రముల క్రింద రాళ్లు పెట్టవలెనని మీ వారికి చెప్పుడు. తొట్టి మూత తీయునపుడు దాపున నిప్పు ఉండరాదు.

ఇట్టి యనుభవములు గల సోదరీమణులు వ్రాసి పంపినచో నీ పుటలో సంతోషముతో ప్రకటింతుము.