తొడలు తీయని చేతికి తుపాకీ ఎందుకు?

టెక్సస్ హిల్ కంట్రీలో వేటకెళ్లే తెలుగు మిత్రులారా!

ఈ ఏప్రిల్‌లో వేటకోసం మనం లీజుకు తీసుకున్న భూమి గేటు పక్క పొదల్లో మూడు అడవి టర్కీ పుంజులు పడి ఉన్నాయి. రొమ్ము మాంసం మాత్రం కోసుకుపోయారు. కాళ్లు, తొడలు, రెక్కలు, కందనకాయ, కార్జం ఈగల పాలు. చేసింది మనవాళ్లే.

లెగ్ పీసు నాకంటే నాకని పిల్లలు కొట్లాడుకునే ఇళ్లలో పెరిగాం. కందనకాయ పక్కన తీసిపెట్టే అమ్మల చేతికూడు తిన్నాం. ఎనిమిది కిలోల పుంజుని పడగొట్టి తొడలు కుళ్లబెట్టడం ఎవరు నేర్పారు?

కాలు ముదురు, పుల్లలుంటాయి అంటారు. నిజమే, నేల మీద పరుగెత్తే పక్షి, పిక్కలో స్నాయువులు ఎముకల్లా గట్టిపడతాయి. కుక్కర్ ఉన్నదెందుకు? ఉప్పు, అల్లంవెల్లుల్లి పట్టించి, మాంసం ఊడివచ్చేదాకా ఉడికించి, పుల్లలు చేత్తో లాగేసి పులుసు పెట్టండి. రొమ్ముకే ఒడుపు కావాలి. లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరగానే దించకపోతే పీచవుతుంది. ఇక టైం లేదనేవాళ్లకు జవాబివ్వను. చీకటితోనే వెళ్లి చెట్టుకింద గంటలు కూర్చోడానికి టైం ఉంది కదా.

అసలు పాపం అంతకు ముందే మొదలవుతోంది. ఫొటోలు! పుంజు పడగానే తోక విప్పి ఒక్కొక్కరూ ఫొటో దిగడం, తర్వాత దాన్ని ట్రక్కు వెనక ఎండలో పడేసి కబుర్లు. పక్షి ఒంటివేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది, ఈకలు ఆ వేడిని బయటికి పోనివ్వవు. పేగులు లోపలే ఉంటే మాంసం లోపలినుంచే చెడుతుంది. వేట లైసెన్సు ట్యాగ్ కట్టగానే గుదం దగ్గర గాటు పెట్టి, పేగు తెగకుండా అన్నీ బయటికి లాగాలి. మెడ కింద గింజలు నిలిచే సంచి తీసేయాలి. గుళ్లు తగిలిన చోట గడ్డకట్టిన రక్తాన్ని, లోపలికి దూరిన ఈకల్ని, గుళ్లని వెతికి కోసేయాలి. అవి సీసం గుళ్లయితే మరీ జాగ్రత్త, తినేది మన పిల్లలు. కడుపులో ఐసు సంచి పెట్టి ఐస్‌బాక్సులోకి చేర్చాలి, కరిగిన నీళ్లలో నానకూడదు. మాంసం 4 డిగ్రీలకు దిగాలి.

విచ్చలవిడి వేటతో, అడవుల నరికివేతతో 1900 నాటికి అమెరికాలో చాలాచోట్ల కనబడకుండా పోయిన పక్షి ఈ అడవి టర్కీ. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీది పన్నును వన్యప్రాణుల సంరక్షణకు మళ్లించింది. ఆ డబ్బు అండతో మిగిలిన అడవి టర్కీలను వలల్లో పట్టి ఖాళీ అడవుల్లో వదిలారు. అలా దశాబ్దాలు పోషించి నిలిపినదాన్ని మనం గేటు పక్కన పారేస్తున్నాం.

వచ్చే వసంతం నుంచి షరతులు రెండు. తొడలు, కాళ్లు, కందనకాయ, కార్జం ఐస్‌బాక్సులో చూపించాకే కారెక్కాలి. కొత్తగా వచ్చేవాళ్లు ముందు ఒక పక్షిని మొత్తం తమ చేతులతో శుభ్రం చేయాలి, తర్వాతే తుపాకీ. ఒప్పుకోనివారి వాటా డబ్బు వెనక్కిచ్చి, లీజు కాగితంలో పేరు కొట్టేద్దాం. ఒప్పుకున్నవాళ్లు ఈ కాగితం కింద సంతకం చేసి తెచ్చివ్వండి.