ముందు లెక్క, ఆ తర్వాతే ఖర్చు



పీణ్యలో లేత్ షాపులు, ప్రెస్ షాపులు నడిపేవాళ్లం మనలో చాలామందిమే ఉన్నాం. కలిసినప్పుడల్లా ఒకటే మాట: కస్టమర్ మాల్ వెనక్కి పంపాడు, క్వాలిటీ పెంచాలి. ఆ వెంటనే కొత్త మెషిన్ కోసం లోను అడుగుతాం, లేదంటే ఆపరేటర్‌ని మార్చేస్తాం. ఏ తప్పు ఎన్నిసార్లు వచ్చిందో మాత్రం ఎక్కడా రాసి ఉండదు. లెక్క లేకుండా మొదలుపెట్టే క్వాలిటీ పని మీద రూపాయి కూడా పెట్టకూడదన్నది మా అభిప్రాయం.

నెలలో 100 ముక్కలు తిరిగొచ్చాయనుకుందాం. కారణాలవారీగా గీతలు పెడితే బోరు సైజు తేడా 60, బర్ 22, తుప్పు 11, ప్యాకింగ్ 7 అని తేలిందనుకోండి. నాలుగింటి వెంటా పరిగెత్తక్కర్లేదు. ఆ 60నే మళ్లీ మెషిన్‌వారీగా, షిఫ్ట్‌వారీగా విడదీయాలి. చాలావరకు ఒకే మెషిన్ మీద, టూల్ అరిగిపోయే వేళకే వచ్చినవైతే, టూల్‌ని కాస్త ముందుగా మారిస్తే చాలు. లోను అవసరమే రాదు. నష్టంలో పెద్ద వాటా కొద్ది కారణాల నుంచే వస్తుందన్న ఈ సంగతికే జోసెఫ్ జురాన్ పరేటో సూత్రం అని పేరు పెట్టాడు.

అయితే సంఖ్య ఒక్కటే చూస్తే పొరపాటు. పక్కన ఎంత డబ్బు పోయిందో కూడా రాయాలి. బ్రేకు భాగంలో పగులు ఏడాదికి ఒక్కటి వచ్చినా ముందు చూడాల్సింది దాన్నే.

ఇది పెద్ద కంపెనీల వ్యవహారం అని కొందరంటారు. కానీ 1924లో షూహార్ట్ అమెరికాలో గీసిన మొదటి కంట్రోల్ చార్ట్‌కి పట్టింది కాగితం, పెన్సిలే. ఆయన్ని 1947-48లో మన దేశానికి పిలిపించింది మహలనోబిస్ గారి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్. దాని బెంగళూరు కేంద్రం మన మైసూరు రోడ్డులోనే ఉంది. ఆ సంస్థలో దశాబ్దాలు పనిచేసిన సి.ఆర్. రావు గారు మన తెలుగువారు. ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, 102 ఏళ్ల వయసులో, 2023లో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నారు. అలాంటి వారసత్వం పక్కనే పెట్టుకుని మనం అంచనాలతో షాపులు నడపడం ఏం బాగుంది?

ఇంకో మాట. లెక్క లేని చోట నింద ముందుగా పడేది ఊరొదిలి పొట్టచేతపట్టుకుని వచ్చిన కుర్రాళ్ల మీద. ఆ 60 తప్పులకీ కారణం అరిగిన టూల్ అయినా, ఉద్యోగం పోయేది ఆపరేటర్‌కి. కాబట్టి గీతలు పెట్టిన కాగితం చూసి జీతం కోయనని యజమాని ముందే మాటివ్వాలి. లేకపోతే మర్నాటి నుంచి గీతలు ఆగిపోతాయి, తప్పులు మాత్రం ఆగవు.

మా ప్రతిపాదన ఇది. ప్రతి మెషిన్ దగ్గరా ఒక కాగితం, పెన్ను పెట్టి నెల రోజులు రాయించండి. వచ్చే సమావేశానికి కస్టమర్ల పేర్లు కొట్టేసి ఆ కాగితాలు తీసుకురండి. ఉపన్యాసాలు పక్కన పెట్టి, అందరం కూర్చుని, ఒక్కో షాపుకి ముందు పట్టుకోవాల్సిన పని ఒక్కటి తేల్చుకుందాం.