భూమి గుంజుకొని టోపీ దాసుకునుడు గౌరవమా?

2025 జులైల ట్రంప్ ఒక హుకుం జారీ చేసిండు. వాషింగ్టన్ ఫుట్‌బాల్ టీమ్ పాత పేరు ‘రెడ్‌స్కిన్స్’ మళ్ల పెట్టుకోవాలెనట, లేకుంటే కొత్త స్టేడియం ఒప్పందానికి అడ్డం పడ్తడట. ఆదివాసీలను ఒంటిరంగుతోని తిట్టే మాట అది. 2020లనే వదిలేసిండ్రు. పోయిన పేరు కోసం గింత పంతమెందుకు? ఇది సమజ్ కావాలంటే ఇల్లినాయిస్ యూనివర్సిటీ ముచ్చట తెలుసుకోవాలె.

అక్కడ 1926ల ఒక ఆనవాయితీ మొదలైంది. ఆట నడుమ విరామంల ఒక విద్యార్థి ‘చీఫ్ ఇల్లినీవెక్’ వేషం కట్టి, తలకు ఈకల టోపీ పెట్టుకొని మైదానంల ఎగిరేటోడు. ఏండ్లకేండ్లు ఆ వేషం కట్టినోళ్లు దాదాపు అందరు తెల్లోళ్లే. పేరు ఇల్లినీ తెగలది, బట్టలేమో ఎక్కడో పడమటి మైదానాలల్ల బతికే లకోటా ప్రజల తీరువి. మరి అసలు ఇల్లినీ బిడ్డలు యాడున్నరు? 1832 ఒప్పందంతోని ఆ రాష్ట్రంల మిగిలిన భూమి సుత పోయి, కాన్సాస్‌కు, ఆడికెళ్లి ఓక్లహోమాకు నూకబడ్డరు. మనుషులను ఎల్లగొట్టినంక, వాళ్ల బొమ్మను ఆటకు పెట్టుకున్నరన్నట్టు.

1980ల ఆఖర్ల స్పోకేన్ తెగ బిడ్డ చార్లీన్ టీటర్స్ ఆడ చదువుకోను వచ్చింది. పిల్లలను తీస్కొని ఆటకు పోతే ఈ వేషం కండ్లవడ్డది. ఆ తర్వాత అట్ట పట్టుకొని స్టేడియం బయట ఒక్కతే నిలవడ్డది. మేం మనుషులం, మీ ఆటబొమ్మలం కాదన్నది. తిట్లు తిన్నది గానీ జరుగలే. 2005ల కాలేజీ ఆటల సంఘం ఎన్‌సీఏఏ ఇసొంటి బొమ్మలున్న యూనివర్సిటీల మీద ఆంక్షలు పెట్టింది. 2007 ఫిబ్రవరి 21న చీఫ్ ఆఖరిసారి ఎగిరిండు.

ఇగ సూడు పూర్వ విద్యార్థుల లొల్లి! ఆపొద్దని వేషం కట్టే పోరగాళ్లు కోర్టుకెక్కిండ్రు. బంద్ అయినంక గూడ ఏండ్ల తరబడి ఆ బొమ్మ అంగీలు తొడుక్కొని ఆటలకొచ్చిండ్రు. వాళ్ల మాట ఒక్కటే: ‘మేం గౌరవిస్తున్నం, అవమానిస్తలేం.’

వాళ్ల దుఃఖం దొంగ దుఃఖమని నేననను. పడుచుతనం, దోస్తులు, గెలిచిన ఆటలు అన్నీ ఆ బొమ్మకు అల్లుకొని ఉంటయ్. కానీ యాది మీదైతది గానీ ఆ మొకం మీది కాదు గదా? గౌరవం అందిందా లేదా అన్నది తీసుకునేటోడు చెప్పాలె, ఇచ్చేటోడు కాదు. ఇల్లినీ వారసులైన పియోరియా తెగ నాయకుడొకరు ముందుగాల బాగుందన్నది నిజమే. కానీ 2000ల ఆ తెగ మండలే ఈ వేషం ఆపుమన్నది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీకి సెమినోల్ తెగ ఒప్పుకున్నది కాబట్టి ఆడ ఆ పేరు నడుస్తున్నది. ఫరక్ అంతా గీ ఒప్పుకోలు కాడనే ఉన్నది.

ఇది అమెరికా ముచ్చట, మనకేంది అనుకోకుండ్రి. మన సినిమాలల్ల కోయదొర ఎట్లుంటడు? ఈకలు, పూసలు, వంకర తెలుగు, సోది, నవ్వుకునుడు. స్కూల్ ఫంక్షన్లల్ల పిల్లలకు అదే వేషం కడ్తం. మేడారం సమ్మక్క-సారలమ్మకు కోట్లమంది మొక్కుతం, అది కోయల పండుగే. మళ్ల పోలవరం కింద మునిగే ఊర్లెవరివంటే అవీ కోయలవి, కొండరెడ్లవే. మునుగుతున్నప్పుడు ఆ మనుషులను అడిగినోడెవడు?

ఆనవాయితీ ఆగితే ఆటేం ఆగలే. ఇల్లినాయిస్‌ల టీమ్ పేరు అట్లనే ఉన్నది, మ్యాచులు నడుస్తున్నయ్. పోయిందల్లా అడగకుండ ఇంకొకరి మొకం తొడుక్కునే హక్కు. ఆ హక్కు ఎన్నడూ వాళ్లది కాదు. ఆదివాసీని నిజంగ గౌరవించాలంటే ముందు వాని భూమి గురించి మాట్లాడుండ్రి, టోపీ సంగతి తర్వాత.