పట్టికయే ఎందుకు నిలిచింది?

కంప్యూటరు రంగంలో కొత్తది వచ్చి పాతదానిని తొలగించడం పరిపాటి. ఆబ్జెక్ట్ డేటాబేస్‌ల విషయంలో మాత్రం ఆ పరిపాటి తలక్రిందులైంది. 1980, 1990వ దశకాలలో జెమ్‌స్టోన్, ఆబ్జెక్ట్‌స్టోర్ వంటివి రంగప్రవేశం చేసినపుడు, పట్టికల మీద ఆధారపడిన రిలేషనల్ పద్ధతికి కాలం చెల్లినదని తలచినవారు లేకపోలేదు. ప్రోగ్రాములో వస్తువు ఏ రూపంలో ఉన్నదో అదే రూపంలో దానిని భద్రపరచవచ్చునన్నది వారి వాదం. తేలికగా త్రోసిపుచ్చదగిన వాదం కాదది.

ఓటమికి వ్యాపారబలమే కారణమని కొందరంటారు. ఒరాకిల్, ఐబీఎం సంస్థలు అప్పటికే పాతుకొనిపోయిన మాట నిజమే. కాని అసలు కారణం అంతకంటె లోతైనదని నా అభిప్రాయం. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించినదేమి? సమాచారం యంత్రంలో ఎట్లు అమరియున్నదో వాడుకొనేవారు ఎరుగనక్కరలేదని. అంతకుపూర్వం ఒక రికార్డునుండి మరొకదానికి గొలుసు పట్టుకొని పోవలసి వచ్చేది. ఆబ్జెక్ట్ పద్ధతి తెలిసియో తెలియకయో ఆ గొలుసునే తిరిగి తెచ్చింది.

కళాశాల కార్యాలయాన్నే తీసుకొందాం. విద్యార్థి అనే ఆబ్జెక్ట్‌లో అతని ఫీజులు, మార్కులు ఇమిడి ఉన్నాయనుకొందాం. ఒక్క విద్యార్థి వివరాలు క్షణంలో లభిస్తాయి. కాని ఉర్దూ మాధ్యమంలో చదివి, ఫీజు రాయితీ పొంది, గణితంలో తప్పినవారెందరని ప్రిన్సిపాలుగారు హఠాత్తుగా అడిగితే? పట్టికలైతే ఎస్‌క్యూఎల్‌లో నాలుగు పంక్తులు చాలు. ఆబ్జెక్ట్ పక్షంవారికీ ఓక్యూఎల్ అనే ప్రశ్నల భాష ఉండేది. 1993 నాటి ఓడీఎంజీ ప్రమాణంలో దానికి స్థానం లభించింది. అయితే ఉత్పత్తులన్నింటిలోను అది ఒకే తీరున అమలు కాలేదు. 2001లో ఆ బృందమే పని చాలించింది. ఎస్‌క్యూఎల్ 1986లోనే అమెరికా జాతీయ ప్రమాణమైంది.

మరొక సంగతి. ప్రోగ్రాముకంటె సమాచారానికి ఆయుష్షు ఎక్కువ. గుమాస్తాలు మారినా అడ్మిషన్ రిజిస్టరు మారదు కదా! సీ++ ఆబ్జెక్ట్‌గా దాచినదానిని రేపు వేరొక భాషలో వ్రాసేవాడు చదువుకోవాలంటే యాతనే. పట్టిక ఏ ఒక్క భాష సొత్తూ కాదు.

ఇంజనీరింగు నమూనాలు గీసే సాఫ్ట్‌వేరులో ఆబ్జెక్ట్ పద్ధతి బాగుగానే రాణించింది. అక్కడ అడిగే ప్రశ్నలు ముందే తెలిసినవి. ఇటు రిలేషనల్‌వారూ ఊరకుండక 1999 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలో ఆబ్జెక్ట్ లక్షణాలు కొన్నింటిని చేర్చుకొన్నారు. నేడు పెక్కుమంది ప్రోగ్రామర్లు ఆబ్జెక్ట్‌లలో ఆలోచించి పట్టికలలో భద్రపరుస్తున్నారు. నడుమ దుబాసీ పనికి 2001లో వచ్చిన హైబర్నేట్ వంటి సాధనాలున్నవి. ఆ దుబాసీ పెట్టే చిక్కులను వారు సణుగుతూనే భరిస్తున్నారు.