పాత గేరుబాక్సు కొంటున్నారా? ఎద్దు పళ్లు చూసినట్టు చూడండి

ఎకరం, రెండెకరాల రైతుకు ఇవాళ చిన్న పికప్ బండి ఇంట్లో మరో కాడెద్దు లాంటిది. 2005లో టాటా ఏస్ వచ్చింది మొదలు ఇలాంటి బండ్లు పల్లెల్లో బాగా పెరిగాయి. సొంతంగా ఒకరు కొనుక్కుంటే, నలుగురు కలిసి ఒకదాన్ని కిరాయికి మాట్లాడుకుంటున్నారు. టమాటా, బెండ, పూలు కోసిన రోజే మార్కెట్టుకు చేరాలి. మదనపల్లె యార్డుకు తెల్లారేసరికి సరుకు దిగాల్సిన రోజున గేరు పడక బండి దారిలో నిలిచిపోతే, మరమ్మతు ఖర్చుతో పాటు ఆ కోత కూడా పోయినట్టే. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఈ తొందరలోనే రైతు దెబ్బతింటున్నాడు. బండి షెడ్డుకు చేరగానే వినిపించే మాట ఒకటుంది. "గేరుబాక్సు పోయిందన్నా. కొత్తది కొనాలంటే మన వల్ల కాదు. ఆటోనగర్లో పాతది దొరుకుతుంది, రేపటికల్లా వేసేద్దాం." మాటలో తప్పేమీ లేదు. పదేళ్లు నడిచిన బండికి కంపెనీ నుంచి కొత్త గేరుబాక్సు తెచ్చి వేయడం చాలామందికి గిట్టుబాటు కాదు. ప్రమాదంలో ముందు భాగం నుజ్జయిన బండిలోనూ గేరుబాక్సు బాగానే ఉండొచ్చు. దాన్ని మరో బండికి వాడుకోవడం మంచిదే. చూడకుండా, కాయితం లేకుండా కొనడంతోనే చిక్కంతా.

సంతలో ఎద్దును కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? నోరు తెరిపించి పళ్లు చూస్తాం. నడిపిస్తాం. కాడి కట్టి చూస్తాం. అమ్మేవాడిది ఏ ఊరో కనుక్కుంటాం. అదే రైతు వేలు పోసి కొనే ఇనుప పెట్టెను మాత్రం, మూత తీయకుండానే ఆటోలో వేసుకుని వస్తున్నాడు.

మొదట తేల్చుకోవాల్సింది, పోయింది నిజంగా గేరుబాక్సేనా అన్నది. ఇంజను ఆపి గేర్లు మార్చి చూడండి. ఆపినప్పుడు సాఫీగా పడుతూ, స్టార్టు చేశాక పడకుండా గరగరమంటే ముందు క్లచ్చిని అనుమానించాలి. కేబులు వదులైనా, క్లచ్చి ఆయిలు కారిపోయినా ఇలాగే జరుగుతుంది. ఇంజను మోత పెరుగుతున్నా బండి ఎత్తు ఎక్కకపోతే క్లచ్చి ప్లేటు అరిగి ఉండొచ్చు. బండి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు వచ్చే మోత క్లచ్చి తొక్కితే ఆగిపోతే, గేరుబాక్సు ముందు షాఫ్టు బేరింగును చూడాలి. క్లచ్చి తొక్కినప్పుడే మోత వస్తే అది రిలీజు బేరింగు. ఒక్క గేరు మాత్రమే గరగరమంటుంటే చాలాసార్లు ఆ గేరు ఇత్తడి రింగు అరిగి ఉంటుంది. వేసిన గేరు దానంతటదే జారిపోతుంటే పళ్లు గానీ ఫోర్కు గానీ అరిగాయని అనుమానించాలి. వీటిలో చాలావాటికి పెట్టె మొత్తం మార్చాల్సిన పని లేదు.

అందుకే పెట్టె దించాక మీ కళ్లెదుటే విప్పమనండి. అడుగున బోల్టుకు అయస్కాంతం ఉంటే దానికి మెత్తని నల్లటి ముద్ద అంటుకోవడం మామూలే. ఇనుప పెచ్చులు, పంటి ముక్కలు కనిపిస్తే పోయింది లోపలేనని అర్థం. రెండు బేరింగులు, ఒక రింగు, సీళ్లతో పోయేదైతే మరమ్మతే మేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటి మీదా జీఎస్టీ 18 శాతమే. అంతకు ముందు చాలా భాగాల మీద 28 శాతం ఉండేది. కాబట్టి పాత లెక్కలు పట్టుకోకుండా, కొత్త భాగాలతో మరమ్మతు ఖర్చెంతో, పాత పెట్టె ధరెంతో రెండూ కాగితం మీద రాయించుకుని పోల్చుకోవాలి. షాఫ్టు విరిగి, గేరు పళ్లు ఊడి, పెంకు పగిలిపోతే అప్పుడు పాత పెట్టె వెతకడంలో అర్థముంది.

కొనబోయే పెట్టెను ఎలా చూడాలి? ముందు పై పెంకు. ఇంజనుకు బిగించే చెవుల దగ్గర పగులు, వెల్డింగు అతుకు కనిపిస్తే వద్దనేయండి. ముందు షాఫ్టును చేత్తో పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. చిన్న కదలిక ఉండొచ్చు, లొటలొటలాడకూడదు. ఒక్కో గేరూ వేసి చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు, టకటకమనకూడదు. తర్వాత ఆయిలు. పాల రంగులో ఉంటే నీళ్లు కలిశాయన్నమాట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వేల బండ్లు నీట మునిగాయి. అలా మునిగిన బండి ఏదైనా సరే, గాలిగొట్టం గుండానో సీళ్ల గుండానో గేరుబాక్సులోకి నీరు చేరితే బేరింగులు తుప్పు పడతాయి. పైన రంగు వేసి కడిగేస్తే అది కనిపించదు. తళతళలాడే పెట్టెను చూసి మురిసిపోకుండా పైమూత తీయించి టార్చి వేసి చూడండి.

అన్నిటికన్నా పెద్ద మెలిక, పెట్టె మీ బండికి సరిపోవడం. పేరు ఒకటే అయినా, ఏడాది మారితే లోపలి లెక్క మారొచ్చు. ముందు షాఫ్టు గాట్లు మీ క్లచ్చి ప్లేటులో సరిగ్గా కూర్చోవాలి. బోల్టు రంధ్రాలు, స్పీడోమీటరు అమరిక కలవాలి. పళ్ల లెక్కకు ఒక తేలికైన ఉపాయముంది. మీ పాత పెట్టె ఇంకా తిరుగుతుంటే మొదటి గేరు వేసి, వెనక షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ముందు షాఫ్టు ఎన్ని చుట్లు తిరుగుతుందో సుద్దగీత గీసి లెక్కపెట్టండి. కొనబోయే పెట్టెలోనూ అన్నే చుట్లు రావాలి. ఇలాగే అన్ని గేర్లకూ చూడాలి. లెక్క తప్పిన పెట్టె వేస్తే సరుకుతో ఎత్తు ఎక్కేటప్పుడు బండి ఈడ్చుకుంటుంది, డీజిలు తాగుతుంది.

ఇక కాయితం సంగతి. ఆర్సీలో ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి. గేరుబాక్సు నంబరు ఉండదు. కాబట్టి అది మీరు న్యాయంగా కొన్నదేనని చూపడానికి బిల్లే ముఖ్యమైన ఆధారం. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ తీసుకుంటే, 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బజారు ధరలో సగానికే, బిల్లు లేకుండా ఇస్తానంటే అది లాభసాటి బేరం కాదు. ఆ సామాను ఎక్కడిదో ముందు అడగాలి.

"పాత సామానుకు గ్యారంటీ ఏంటన్నా?" అని అమ్మేవాళ్లు అంటారు. కొత్తదానికిచ్చినట్టు ఏడాది గ్యారంటీ ఎవరూ అడగడం లేదు. బండికి బిగించి, సరుకు వేసి నెల రోజులు నడిపి చూసే గడువు అడగడం అత్యాశ కాదు. నిజాయితీగా అమ్మే దుకాణదారుకు దీనివల్ల పేరే వస్తుంది. ఆ మాట బిల్లు మీద రాయించాలి. ఏ బండి, ఏ మోడలు, పెట్టె మీది నంబరు, ధర, తేదీ, గడువు, ఈ ఆరూ బిల్లులో ఉండాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ఇక్కడ మనకు అండగా ఉంది. కొన్న సామానుకు బిల్లు ఇవ్వననడం, పాతదాన్ని కొత్తదని చెప్పి అమ్మడం ఆ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులు. బతుకుతెరువు కోసం స్వయం ఉపాధికి కొన్న వస్తువును వాణిజ్యం కోసం కొన్నదిగా చట్టం లెక్కించదు. కనుక రెండెకరాల రైతు తన బండికి కొన్న గేరుబాక్సు మీద ఫిర్యాదు చేసుకోవచ్చు. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి జిల్లా కమిషన్‌లో రుసుము లేదు. రెండేళ్ల లోపు వెళ్లాలి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి సలహా అడగవచ్చు. అయితే చేతిలో బిల్లు లేకపోతే మన మాట నిలబెట్టుకోవడం కష్టం.

ఇదంతా చాదస్తమనిపిస్తే ఒక లెక్క చూడండి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 20 వేలు తెచ్చి పెట్టె కొన్నామనుకుందాం. వడ్డీ నెలకు 400, ఏడాదికి 4,800. ఆ పెట్టె ఆరు నెలలకే మూలపడితే, పనిచేయని ఇనుముకు వడ్డీ కడుతూ రెండో పెట్టెకు రెండో అప్పు చేయాలి. చిన్న రైతు అప్పుల్లో దిగబడేది ఇలాంటి చోటే.

బిగించేటప్పుడు కూడా పిసినారితనం పనికిరాదు. పెట్టె ఎలాగూ దించారు కాబట్టి క్లచ్చి ప్లేటు, రిలీజు బేరింగు, ఆయిలు సీళ్లు చూసి, అరిగితే అప్పుడే మార్చేయాలి. మళ్లీ దించితే మళ్లీ కూలి. ఆయిలు బండి పుస్తకంలో రాసిన రకమే పోయాలి. వెనక డిఫరెన్షియల్లో పోసేదే గేరుబాక్సులోనూ పోసేస్తుంటారు. కొన్ని బండ్లలో అది ఇత్తడి రింగులకు చేటు. వెయ్యి కిలోమీటర్లు నడిచాక ఒకసారి ఆయిలు దించి పెచ్చులున్నాయేమో చూడండి.

ఒంటరి రైతు మాట దుకాణంలో చెల్లకపోవచ్చు. పదిమంది మాట చెల్లుతుంది. 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం 2020లో మొదలైంది. విత్తనాలు, ఎరువులు కలిసి కొంటున్న సంఘాలు తమ సభ్యుల బండ్ల విషయంలోనూ కలిసి ఎందుకు మాట్లాడకూడదు? నమ్మకమైన ఒక షెడ్డును, బిల్లూ గడువూ ఇచ్చే ఒకటి రెండు దుకాణాలను ఎంచుకుని, సభ్యులందరూ అక్కడికే వెళ్తే అమ్మేవాడికీ గిరాకీ, కొనేవాడికీ భరోసా. సంఘం సమావేశంలో ఎరువుల ముచ్చటతో పాటు ఈ ముచ్చటా రావాలి.

పాత గేరుబాక్సు కొనడం చిన్నతనం కాదు. విప్పి చూపించండి, బిల్లు రాయండి అని అడగడమూ చిన్నతనం కాదు. ఆ రెండు మాటలూ అడగలేని దుకాణం మెట్లు ఎక్కకండి.